పెంకుటింటి గట్టర్లలో వేపాకు, చింతాకు పేరుకోకుండా తక్కువ ఖర్చుతో సొంతంగా జాలీ ఎలా వేసుకోవాలి?

కావలి పెంకుటిల్లు (ప్రశ్న)

నమస్కారమండీ. కావలికి దగ్గరలోని పల్లెలో మాకు మంగళూరు పెంకుల పాత ఇల్లు ఉంది. ముందు చూరుకూ వెనక చూరుకూ జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకుతో చేయించిన గట్టర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 30 అడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, ఐదంగుళాల లోతు ఉంటుంది. రెండింటికీ ఒక చివరనే నాలుగంగుళాల పీవీసీ పైపు దించారు. ముందు గట్టరు నీళ్లు ఇంకుడు గుంతలోకి, వెనక గట్టరు నీళ్లు పెరట్లో కట్టించిన సిమెంటు తొట్టిలోకి పోతాయి. ఆ తొట్టి నీళ్లను గొడ్లకూ గిన్నెలు కడగడానికీ వాడుకుంటాము.

ఇంటి ముందు పెద్ద వేపచెట్టు, వెనక పక్కవారి దొడ్లో చింతచెట్టు ఉన్నాయి. ఎండాకాలమంతా నీడనిచ్చే చెట్లు కాబట్టి వాటిని నరికించడానికి మా అమ్మగారు ససేమిరా ఒప్పుకోరు, నాకూ మనసు రాదు. అయితే మాఘ ఫాల్గుణాల్లో రాలే ఆకు, ఉగాది ముందూ వెనకా రాలే వేపపూత, ఆ తర్వాత వేపపండ్లు, ఇవన్నీ గట్టర్లో పడి పెంకుల మీది దుమ్ముతో కలిసి ముద్దగా మారుతున్నాయి. వేపగింజలు అందులోనే మొలకెత్తి జానెడు మొక్కలవుతున్నాయి. మన జిల్లాలో పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పటికి ఆ ముద్ద గట్టిపడి పైపు మూతిని పూర్తిగా మూసేస్తోంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు వెనక గట్టరు నిండి నీళ్లు గోడవైపు పొర్లాయి. వాసాల చివర్లు నానిపోయాయి, గోడ లోపలి వైపు పైనుంచి కింది దాకా మట్టి చారలు కట్టింది.

బజారులో దొరికే తయారు లీఫ్ గార్డులు వేయించడానికి ఒకరిని అడిగితే, గట్టర్లే కొత్తగా చేయించినంత ఖర్చు చెప్పారు. అంత పెట్టలేను. నిచ్చెన ఎక్కి పని చేసుకోగలను, రేకు కత్తెర, డ్రిల్లు నా దగ్గర ఉన్నాయి. ఎలాంటి మెష్ తీసుకోవాలి, ఎలా బిగించాలి, జాలీ వేసిన తర్వాత తుపాను వానకు నీళ్లు దాని మీద నుంచి జారి కిందికి పోకుండా గట్టర్లోకే దిగుతాయా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మైపాడు రోడ్డు, నెల్లూరు

మీ రెండు గట్టర్ల మీదా పడే ఆకులు వేరు కాబట్టి రెండింటికీ ఒకే జాలీ సరిపోదండీ. విడివిడిగా ఆలోచించాలి.

వేపాకు రెండు మూడు అంగుళాల పొడవుంటుంది, వెడల్పు మాత్రం అంగుళం లోపే. ఎండి ముడుచుకుంటే ఇంకా సన్నమవుతుంది. అర అంగుళం గళ్లున్న వెల్డ్ మెష్ (అడ్డం, నిలువు తీగలు అతికిన ఇనుప జాలీ) ఒక్కటే వేస్తే అడ్డంగా పడిన ఆకు పైనే ఆగుతుంది, నిలువుగా పడిన ఆకు మాత్రం సూటిగా లోపలికి దూరి, తొడిమ గడిలో చిక్కుకుని అక్కడే వేలాడుతుంది. దాని మీద మరో నాలుగు ఆకులు ఆగుతాయి. పావంగుళం గళ్లయితే వేపాకును చాలావరకు ఆపుతుంది, వేపపండును పూర్తిగా ఆపుతుంది. చింతాకు సంగతి అలా కాదు. ఒక్కొక్క ఆకు అర అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, వెడల్పు అందులో సగం కూడా ఉండదు కాబట్టి పావంగుళం గళ్లలోంచి జల్లెడ పట్టినట్టు దిగిపోతుంది. దాన్ని ఆపాలంటే కిటికీలకు వేసే దోమల మెష్ అంత సన్న గడి కావాలి.

సన్న మెష్ ఒక్కటే వేస్తే రెండు బ్రాకెట్ల మధ్య కుంగి తొట్టిలా తయారవుతుంది, ఆకంతా అందులోనే కూర్చుంటుంది. అందుకే వెనక గట్టరుకు రెండు పొరలు వేయండి. అడుగున ఊతం కోసం అర అంగుళం వెల్డ్ మెష్, దాని మీద అల్యూమినియం దోమల మెష్ పరిచి, అంచుల్లో జానెడుకొకటి చొప్పున సన్న తీగతో రెండింటినీ కలిపి కుట్టేయండి. ముందు గట్టరుకు పావంగుళం వెల్డ్ మెష్ ఒక్క పొర చాలు. ఉగాది నాటి వేపపూత అందులోంచి లోపలికి పడుతుంది, కాదనను. అది తేలిక సరుకు, గట్టర్లో వాలు సరిగా ఉంటే మొదటి వానకే కొట్టుకుపోతుంది.

ఆ వాలు గురించే జాలీ కంటే ముందు చూసుకోవాలి. మొదట గట్టరు మొత్తం శుభ్రం చేసి, పైపు లేని చివర ఒక బిందెడు నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా నీళ్లు నిలబడితే అక్కడి బ్రాకెట్టు కిందికి వంగిందని అర్థం. పది అడుగుల పొడవుకు అర అంగుళానికి కాస్త ఎక్కువగా వాలు ఉండాలి, అంటే మీ 30 అడుగులకు ఈ చివరకూ ఆ చివరకూ సుమారు రెండంగుళాల తేడా రావాలి. మీరు చెప్పిన కొలతల గట్టరు అంచు దాకా నిండితే అందులో దాదాపు 175 లీటర్ల నీళ్లుంటాయి, అంటే 175 కిలోల బరువు ఆ బ్రాకెట్ల మీద వేలాడుతుంది. పైపు మూసుకున్న ప్రతి వానకూ అంత బరువు మోసిన బ్రాకెట్లు వంగకుండా ఉండవు. రెండున్నర, మూడు అడుగులకొక బ్రాకెట్టు ఉందో లేదో చూసి, లేనిచోట కొత్తది బిగించండి. నిలబడిన నీళ్లతో మరో బెడద కూడా ఉంది. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, ఆకుల కింద చల్లగా నిలిచిన నీళ్లు దానికి అనువైన చోటు.

బిగించే పద్ధతి చెబుతాను. మెష్‌ను గట్టరు వెడల్పు కంటే మూడంగుళాలు ఎక్కువగా, ఐదడుగుల ముక్కలుగా కత్తిరించుకోండి. బయటి అంచున అంగుళం మేర కిందికి మడిచి గట్టరు పెదవికి తగిలించండి. మిగిలిన వెడల్పు లోపలి అంచుకు ఆనుకుని గోడవైపు కాస్త ఎత్తుగా నిలవాలి. అలా జాలీకి బయటివైపు వాలు వస్తుంది, ఎండిన ఆకు గాలికి తనంతట తానే జారి కింద పడుతుంది. ముక్కకూ ముక్కకూ రెండంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించండి. పైపు వైపు ముక్క అడుగున ఉండాలి, దాని పై ముక్క దాని మీదికి రావాలి. గట్టరు అడుగుకు ఎక్కడా రంధ్రం వేయకండి. బయటి పెదవికి మాత్రమే అడుగున్నరకొక చిన్న రంధ్రం వేసి, కట్టుతీగతో ముడి వేస్తే చాలు. ప్రతి ముక్కా విప్పడానికి వీలుగా ఉండాలి. స్క్రూలతో శాశ్వతంగా బిగించినవారు తర్వాత లోపల చెయ్యి పెట్టడానికి దారి లేక మొత్తం పీకేయడం మా వీధిలోనే చూశాను.

తుపాను వాన సంగతి అడిగారు. పెంకుల మీది నీళ్లు గట్టరు దగ్గరికి వచ్చేసరికి వేగంగా ఉంటాయి. సన్న మెష్ మీద దుమ్ము పొర కట్టి ఉంటే నీళ్లు గళ్లలోకి దిగకుండా పైపైనే పాకి బయటి అంచు దాటి దూకుతాయి. దీనికి విరుగుడు రెండు రకాలుగా ఉంది. జాలీ వాలును పెంకుల వాలు కంటే బాగా తక్కువగా ఉంచాలి. అలాగే దసరా ముందు ఒకసారి పొడి కుంచెతో జాలీ పైభాగం రుద్ది దుమ్ము దులపాలి. జాలీ వేశాక శుభ్రం చేసే పనే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. లోపలి ముద్దను దోసిళ్లతో ఎత్తే పని తప్పి, పైనుంచి చీపురుతో ఊడ్చే పని మిగులుతుంది. ఆ తేడా కోసమే ఈ శ్రమంతా.

సింగరాయకొండ

పైన చెప్పినదంతా సరైనదే. ఖర్చు ఇంకా తగ్గించాలనుకుంటే మన తీర మండలాల్లో దొరికే మరో వస్తువు ఉంది. రొయ్యల చెరువుల చుట్టూ పీతలు రాకుండా కట్టే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వల మిగులు ముక్కలు చెరువుల యజమానుల దగ్గర తరచుగా ఉంటాయి. ఎండకు తట్టుకునేలా తయారు చేసిన వల కాబట్టి త్వరగా పెళుసెక్కదు, తుప్పు మాటే లేదు. మా సిమెంటు రేకుల ఇంటికి నేను అదే వేశాను. వాడిన వల అయితే తొట్టి వైపు గట్టరుకు వేయకండి, ఆ వలలకు చెరువులో వాడిన మందుల వాసన వదలదు. కొత్త ముక్క దొరికితేనే తీసుకోండి. కిటికీలకు కట్టే మామూలు నైలాన్ దోమతెరను మాత్రం వాడవద్దు. రెండు వేసవుల ఎండకే అది వేలితో పొడిస్తే చిరిగిపోయే స్థితికి వస్తుంది.

ఈ వలకు సొంత బిగువు ఉండదు. అడుగుకొకటి చొప్పున గట్టరుకు అడ్డంగా వెదురు బద్దలు లేదా నిలువుగా చీల్చిన అర అంగుళం పీవీసీ పైపు ముక్కలు పెట్టి, వాటి మీద వలను లాగి కట్టాలి. కట్టడానికి నల్ల కేబుల్ టైలు వాడండి. తెల్లవి ఎండకు త్వరగా విరుగుతాయి.

మరొక మాట ఎవరూ చెప్పలేదు. గట్టరు పొడవునా జాలీ వేయడం కంటే పైపు మూతిని కాపాడుకోవడం ముఖ్యం. మూతి మీద బల్లపరుపుగా చిల్లుల బిళ్ల పెడితే ఒక్క బాదం ఆకు దాన్ని మూసేయగలదు. అదే వెల్డ్ మెష్‌ను గుమ్మటంలా వంచి, నాలుగంగుళాల ఎత్తున మూతిలో దిగేలా పెడితే అడుగున ఆకు చుట్టుకున్నా పైభాగం నుంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి. మీ దగ్గర డబ్బు ఒక్క పనికే సరిపోతే ముందు రెండు గుమ్మటాలు చేసి పెట్టండి, తర్వాత తీరికగా జాలీ వేసుకోవచ్చు. డాబా ఇళ్లవారు కూడా పిట్టగోడ మూలల్లోని నీళ్ల గొట్టాలకు ఇదే పద్ధతి పాటించవచ్చు.

సిమెంటు రేకుల ఇళ్లవారికి ఒక హెచ్చరిక. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దానికి డ్రిల్లు వేసినా రంపంతో కోసినా లేచే పొడి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదకరం. రేకుకు రంధ్రం వేయకుండా, కట్లన్నీ గట్టరుకే కట్టుకోండి.

కొత్తపట్నం తీరం

మాది సముద్రానికి దగ్గర, ఇంటి చుట్టూ సరుగుడు తోటలు. మా అనుభవం కావలి వారికి పూర్తిగా వర్తించకపోవచ్చు, అయినా తీరంలో ఉండేవారు ఇది చదివితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

సరుగుడు ఆకు సూదిలా ఉంటుంది. పావంగుళం, అర అంగుళం గళ్లలో అది నిలువుగా గుచ్చుకుని నిలబడుతుంది. కొన్నాళ్లకు జాలీ మీద గడ్డి మొలిచినట్టు కనిపిస్తుంది, దాన్ని చీపురుతో ఊడ్చినా రాదు. చేత్తో ఒక్కొక్కటీ పీకాలి. సరుగుడు ఉన్నచోట దోమల మెష్ కంటే పెద్ద గడి పనికిరాదు.

రెండో విషయం ఉప్పుగాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మెష్ తుప్పు పట్టదని, జీఐ గట్టరు మీద అదే పరిచేవారు ఉన్నారు. రెండు వేర్వేరు లోహాలు తడిలో తగిలి ఉంటే బలహీనమైన లోహం ముందుగా కరిగిపోతుంది, ఉప్పు తేమలో అది ఇంకా వేగంగా జరుగుతుంది. గట్టరు మీది జింకు పూత మెష్ తగిలిన వరుసంతా తెల్లగా పొడిబారి, ఆ తర్వాత ఎర్ర తుప్పు మొదలవుతుంది. రాగి మెష్ అయితే మరీ ప్రమాదం. జీఐ గట్టరుకు జీఐ మెష్ వేయండి, లేదా ప్లాస్టిక్ వల వేయండి. అల్యూమినియం మెష్ లోతట్టు ఊళ్లలో ఫరవాలేదు, ఎందుకంటే జింకుకూ దానికీ వైరం తక్కువ. సముద్రం ఒడ్డున అల్యూమినియం కూడా తెల్లగా పూత కట్టి గళ్లు మూసుకుంటాయి కనుక మేము హెచ్‌డీపీఈ వలకే స్థిరపడ్డాము. కట్టుతీగ కూడా జింకు పూత ఉన్నదే తీసుకోండి. సెంట్రింగు పనికి వాడే నల్ల తీగ మొదటి వానాకాలానికే తుప్పు కారుస్తుంది.

జీఐ మెష్‌ను కత్తిరించిన ప్రతి కొనా పూత లేని ఇనుమే. కత్తిరించగానే ఆ అంచులకు జింకు ప్రైమరు గానీ, అది లేకపోతే మామూలు రెడ్ ఆక్సైడు గానీ పూసి ఆరనిచ్చి అప్పుడు బిగించండి.

కావలి పెంకుటిల్లు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. జాలీ లోపలి అంచును చివరి వరుస పెంకుల కిందికి దోపితే గట్టిగా నిలుస్తుందని ఇక్కడి తాపీ మేస్త్రీ అంటున్నారు. అలా చేయవచ్చా? మా ఊళ్లో కోతుల బెడద ఎక్కువ, పెంకులే ఊడదీస్తాయి, జాలీని ఉంచుతాయా? మెష్ ఎంత కొనాలో కూడా లెక్క చెప్పగలరు.

మైపాడు రోడ్డు, నెల్లూరు

పెంకుల కిందికి దోపవద్దండీ. చివరి వరుస పెంకు ఒక్క పావంగుళం పైకి లేచినా దాని పై వరుసతో ఉన్న గాడి పట్టు వదులుతుంది, ఈదురుగాలికి అక్కడి నుంచే పెంకులు లేస్తాయి. పైగా సన్న మెష్ తడిస్తే దాని గళ్ల వెంట నీళ్లు పైకి కూడా కొంత దూరం పాకుతాయి. ఆ తడి నేరుగా వాసాల కొనలకు చేరుతుంది. మీ వాసాలు ఇప్పటికే నానాయని రాశారు. మంగళూరు పెంకులు గట్టరు మీదికి రెండంగుళాల దాకా వచ్చి ఉంటాయి కాబట్టి జాలీ లోపలి అంచు ఆ పెంకు కొన కింద, దానికి తగలకుండా గట్టరు వెనక అంచుకే కట్టి ఉంటే చాలు. పెంకు నుంచి జారిన ఆకు జాలీ మీదే పడుతుంది. మేస్త్రీగారి ఉద్దేశం మంచిదే, డాబా అంచుకు వేసిన గట్టరు అయితే ఆ పద్ధతి పనిచేస్తుంది. పెంకుటింటికి వద్దు.

కోతులకు వదులుగా వేలాడే కొన దొరికితే లాగుతాయి. ముడి వేసిన తీగ కొనలన్నీ లోపలికి వంచండి, రెండు ముక్కలు కలిసే చోట తప్పకుండా రెండు కట్లు వేయండి. ప్లాస్టిక్ వల కంటే వెల్డ్ మెష్ ఈ విషయంలో మేలు. చెట్టు కొమ్మ కప్పుకు ఆనుకుని ఉంటే ఆ ఒక్క కొమ్మను మాత్రం ఆరడుగుల దూరం ఉండేలా కత్తిరించమని అమ్మగారిని ఒప్పించండి. చెట్టుకు హాని ఉండదు, ఆకు కూడా తగ్గుతుంది.

పడమటి ప్రకాశం

కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ కాబట్టి మా ప్రాంతంలో కప్పు మీది వాననీటికి ఉన్న విలువ వేరు. ఆ దృష్టితో మీ వెనక తొట్టి గురించి రెండు మాటలు చెబుతాను.

జాలీ ఆకును ఆపుతుంది, ఆకు రసాన్ని ఆపదు. చింతాకు, వేపాకు జాలీ మీద తడిసి నానితే తేనీటి రంగు నీళ్లు కిందికి దిగుతాయి. ఆకును ఆపినంత మాత్రాన తొట్టి నీళ్లు శుభ్రంగా ఉంటాయనుకోకూడదు, మొదటి వాన నీళ్లను బయటికి వదలాలి. కప్పు మీద చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు వస్తాయి. మీ వెనక వాలు 300 చదరపు అడుగులు ఉందనుకుంటే అది సుమారు 28 చదరపు మీటర్లు. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వానను వదలాలంటే 30 నుంచి 55 లీటర్లు పక్కకు పోవాలి. తొట్టికి వెళ్లే పైపుకు ముందు ఒక టీ (మూడు మూతుల పైపు జోడింపు) అతికించి, దాని కిందికి మూతతో కూడిన పైపు ముక్క దించితే సరిపోతుంది. వాన మొదలవగానే ఆ మూత తీసి, నీళ్ల రంగు తేటపడ్డాక బిగించేయండి. ఆ తర్వాత 10 మిల్లీమీటర్ల వానకే 280 లీటర్లు తొట్టిలోకి చేరతాయి.

ఒకే నాలుగంగుళాల పైపు చాలుతుందా అని కూడా చూసుకోవాలి. గంటకు 100 మిల్లీమీటర్ల తీవ్రతతో కురిసే వానలో ఆ పైపు సుమారు 40 చదరపు మీటర్ల కప్పు నీటిని దించగలదు. మీ ఒక్కొక్క వాలు అంతకంటే తక్కువే కనుక మూతి తెరిచి ఉన్నంత వరకు భయం లేదు. వాలు అంతకంటే పెద్దదైతే రెండో చివర కూడా పైపు దించక తప్పదు.

పని మొదలుపెట్టే ముందు చూరు పక్కగా కరెంటు సర్వీసు తీగ వెళ్తోందేమో చూసుకోండి. ఇనుప మెష్ చుట్ట విప్పుతున్నప్పుడు దాని కొన ఎగిరి తీగకు తగిలే ప్రమాదం ఉంది. తీగ దగ్గరగా ఉంటే సరఫరా ఆపించి పని చేయండి. నిచ్చెన 12 అడుగుల ఎత్తున ఆనుతుంటే దాని కాళ్లు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి, నిచ్చెన గట్టరు రేకుకు కాకుండా గోడకు ఆనాలి, కింద ఒకరు పట్టుకుని ఉండాలి. పాత ముద్ద తీసేటప్పుడు మందపాటి చేతితొడుగులు వేసుకోండి, పెంకుల కింద తేళ్లు ఉంటాయి.

మెష్ లెక్క మైపాడు రోడ్డు వారు చెప్పిన కొలతతోనే వేశాను. ముక్క వెడల్పు తొమ్మిదంగుళాలు. మూడడుగుల వెడల్పున్న చుట్టను ఐదడుగుల పొడవున కోస్తే అందులో నాలుగు ముక్కలు వస్తాయి, అంటే 20 అడుగుల గట్టరుకు సరిపోతుంది. రెండు గట్టర్లకూ కలిపి 60 అడుగులు కాబట్టి 15 అడుగుల చుట్ట సరిగ్గా సరిపోయేలా కనిపిస్తుంది, కానీ ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కించే చోట్ల పోయేది, పైపు మూతి గుమ్మటాలకు పట్టేది కలుపుకుని 20 అడుగులు తీసుకోండి. మీకు ముందువైపు పావంగుళం, వెనకవైపు అర అంగుళం గడి కావాలి కనుక పదేసి అడుగులు చొప్పున రెండు రకాలు అడగండి. అల్యూమినియం దోమల మెష్ వెనకవైపుకే కాబట్టి మూడడుగుల వెడల్పుది పదడుగులు చాలు.

కావలి పెంకుటిల్లు

చాలా ఉపకారం చేశారు. వెనక గట్టరును ఈ వారమే శుభ్రం చేసి, నీళ్లు పోసి వాలు చూస్తాను. మొదట రెండు గుమ్మటాలు, ఆ తర్వాత వెనకవైపు రెండు పొరల జాలీ, చివరగా ముందువైపు పని పెట్టుకుంటాను. టీ అతికించే చోటు గురించి ఒక్క చిన్న సందేహం ఉంది. మా పైపు నేలకు రెండడుగుల ఎత్తున మోచేయి తిరిగి తొట్టిలోకి వెళ్తుంది. టీ ఆ మోచేయి పైన పెట్టాలా, కింద పెట్టాలా?

పడమటి ప్రకాశం

ఆ మోచేయిని తీసేసి దాని స్థానంలోనే టీ పెట్టండి. టీ పక్క మూతి తొట్టివైపు, అడుగు మూతి నేలవైపు ఉండాలి. అడుగు మూతికి అడుగున్నర పైపు ముక్క తగిలించి, దాని కొనకు తిప్పి తీసే మరల మూత బిగించండి. మూత తీసి ఉన్నంతసేపూ నీళ్లు నేరుగా కిందికే పోతాయి, మూత బిగించగానే ఆ ముక్క నిండి తొట్టివైపు తిరుగుతాయి. జాలీ దాటి వచ్చిన సన్న మట్టి కూడా ఆ ముక్క అడుగునే దిగుతుంది కాబట్టి ప్రతి వాన తర్వాత మూత విప్పి ఖాళీ చేయండి. మూతను జిగురుతో అతికించకండి.